డబ్బా మూత పెట్టనిది నేనే

ఏడేళ్ళ కిందట నేనాడిన ఒక పరాచికం ఇప్పటికీ నన్ను వదలడం లేదు. ఊళ్ళో నన్ను చూస్తేనే నవ్వుతారు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి హాస్యగాడన్న పేరైనా దక్కింది. మరి ఆ రోజు నవ్వించడానికే అన్నానా? కాదు. తప్పించుకోవడానికి అన్నాను. నేనెవరో మీకు తెలియదు కనక చెప్పగలుగుతున్నాను.

మా అమ్మ చెల్లెలు మంగ పిన్ని ఇంట్లోనే కొబ్బరినూనెతో సబ్బులు చేసేది. నూనె వడకట్టడం, కాస్టిక్ సోడా తూచడం నా పని. కాస్టిక్ నీళ్ళు చల్లారాక నూనెలో పోసి, దోసెల పిండిలా చిక్కబడేదాకా కలపడం ఆవిడ పని. అచ్చుల్లో పోస్తే మర్నాటికి గట్టిపడేది.

ఆ శ్రావణంలో ఒక పెళ్ళివారు ముత్తయిదువులకు పంచడానికి సబ్బులు అడిగారు. వారంగా ముసురు. కాస్టిక్ డబ్బా మూత పెట్టడం మరిచిపోయాను. చూసేసరికి చెమ్మ పట్టి ముద్దలు కట్టింది. అలాగైతే బలం తగ్గుతుందని నాకు తెలుసు. కానీ కొత్తది కొనడానికి ఆ వానలో అమలాపురం ఎవడు వెళ్తాడు? ముద్దలు చితక్కొట్టి తూచాను. తూకం సరిగ్గానే ఉంది. అందులో నీళ్ళెంతో, కాస్టిక్ ఎంతో త్రాసుకేం తెలుసు?

రెండు రోజులైనా సబ్బు గట్టిపడలేదు. పైన నూనె తేలింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. అందరూ చూస్తుండగా నా నోరు ఊరుకోలేదు.

"పిన్ని చెయ్యి పడితే పెరుగే తోడుకోదండీ, ఇంక సబ్బేం గట్టిపడుద్ది? బాబాయి కాఫీ తనే ఎందుకు కలుపుకుంటారనుకున్నారు, ఆయ్!"

అందరూ పడీ పడీ నవ్వారు. పెళ్ళివారు కొట్లో సబ్బులు కొనుక్కున్నారు.

పిన్ని ఊరుకోలేదు. నూనె వాసన చూసింది, త్రాసు రాళ్ళు కడిగింది, లెక్క మళ్ళీ వేసింది. సాయంత్రం నా దగ్గరికొచ్చింది.

"ఒరే, తూచింది నువ్వే కదా. కాస్టిక్ బానే ఉందంట్రా?"

"బంగారంలా ఉంది పిన్నీ. నీ చెయ్యే ఓసారి మార్చి చూడు."

ఆవిడా నవ్వింది. తర్వాత తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడు చెప్పలేకపోయానా? నోటిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేశాను.

మర్నాడు గుట్టుగా కొత్త డబ్బా తెచ్చిపెట్టాను. తప్పు సర్దేసాననుకున్నాను. పిన్ని మాత్రం గరిట పక్కింటి రమణక్క చేతికిచ్చింది. తెల్లారేసరికి సబ్బు రాయిలా ఉంది. ఇంకేం కావాలి రుజువు? కలిపేటప్పుడు పిన్ని మోచేతిదాకా రబ్బరు తొడుగులు వేసుకునేది. ఆవిడ చెయ్యి ఆ సబ్బుకు తగల్లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

పై వేసవిలో ఆవకాయ కలపడానికి పిన్నిని ఎవరూ పిలవలేదు. అంతకుముందు పది ఇళ్ళవాళ్ళు ఆవిడ చెయ్యే కావాలనేవారు. ఇప్పటికీ సబ్బులు కోస్తుంది, కాగితం చుడుతుంది. గరిట మాత్రం పట్టుకోదు.

అదీ ఓర్చుకున్నాను. అలవాటైపోయింది. కానీ పోయిన నెల ఆవిడ కూతురు పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పసిదానికి నీళ్ళు పొయ్యడానికి పిన్ని రమణక్కను పిలిపించింది. తను వేడినీళ్ళు తోడి ఇచ్చి, దూరంగా నిలబడి చూసింది. "అమ్మా, నువ్వే పొయ్యవే" అని కూతురు బతిమాలితే, "నా చెయ్యెందుకులేవే, పిల్లకి" అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

ఇది రాస్తే ఆవిడకేం ఒరుగుతుంది? ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పాలి. వెళ్తానో లేదో నాకే నమ్మకం లేదు. ఏడేళ్ళలో ఎన్నిసార్లు బయల్దేరలేదు! కానీ కాస్టిక్ పాడుచేసింది నేనే, మంగ పిన్ని చేతిలో ఏ దోషమూ లేదు అని ఇవాళ మొదటిసారి, నవ్వకుండా, మీతో అన్నాను. అంతమటుకు ఊపిరి తేలిగ్గా ఉంది.