పాడైన స్లైడ్ల ట్రే

పీజీ కౌన్సెలింగులో పాథాలజీయే పెడతానని నాగజ్యోతి అనేసరికి పెడనలో ఇంటిల్లిపాదీ నీరుగారిపోయారు. మేనత్త సౌభాగ్యమ్మయితే మొహం మీదే అడిగేసింది.

“రోగిని ముట్టుకోని డాక్టరేంటే? నిన్నెవరు వెతుక్కుంటూ వస్తారు?”

“ముట్టుకున్న డాక్టరు ముక్క కోసి మా దగ్గరికే పంపాలత్తా. అదేం జబ్బో చెప్పేది మేమే.”

సేవ, త్యాగం అంటూ ఆ పిల్ల ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మైక్రోస్కోపులో చూడటం ఇష్టం, అంతే. తేలవలసింది ఏ కాలేజీ అన్నదే. ఆప్షన్ లాక్ చేస్తే ఇక మార్పుండదు, మూడేళ్లూ అక్కడే. పని రాకుండా పట్టా చేతికొస్తే బతుకంతా భయమే.

తండ్రి నాంచారయ్యది కలంకారీ అద్దకం. ఆయన షెడ్డుకొచ్చే పాత బేరగాళ్లు ముందు మంచి గుడ్డ చూడరు. “చెడినవేవండీ?” అంటారు. చెడినవి లేవంటే అక్కడ అద్దకమే జరగడం లేదని, ఎక్కడో కొనుక్కొచ్చి అమ్ముతున్నారని లెక్క. జ్యోతి తన లెక్కలో ఉన్న రెండు కాలేజీలకూ వెళ్లి, మైక్రోస్కోపు కింద పెట్టే గాజు స్లైడ్ల గురించి అదే అడిగింది.

కొత్త ప్రైవేటు కాలేజీలో ఏసీ హాలు, తళతళలాడే మెషీన్లు. “పాడైన స్లైడ్లా? మా దగ్గరుండవమ్మా. అన్నీ టెక్నీషియన్లే చేస్తారు, పీజీలు చెయ్యి పెట్టక్కర్లేదు” అన్నారు గర్వంగా.

పాత ప్రభుత్వ కాలేజీలో, కోసిన ముక్కలు నిల్వచేసే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండాయి. ప్రొఫెసర్ రాజకుమారి పకపకా నవ్వి నిండు ట్రే తెచ్చి ముందు పెట్టారు. “అన్నీ మా పీజీల ఘనకార్యాలే. ఇదిగో, ఇది నా రోజుల్లో నేను తగలేసింది.”

ఆ సాయంత్రమే జ్యోతి ఆ కాలేజీని మొదట పెట్టి లాక్ చేసింది. సీటొచ్చింది. మొదటి ఏడాది ట్రేలో సగం ఆమెవే.

రెండో ఏడు, నాగాయలంక రొయ్యల రైతు నాగరాజు మెడ మీద గడ్డతో, బయట తీయించుకున్న ముక్క, దాని స్లైడు పట్టుకుని వచ్చాడు. బయట క్యాన్సరేమోనన్నారు. టీబీ కోసం చేసిన స్లైడులో ఏమీ కనబడలేదన్నారు. ఆ స్లైడు చూడగానే జ్యోతికి అర్థమైపోయింది: రంగు మరీ కడిగేశారు. అచ్చం అలాగే తనెన్ని చెడగొట్టిందో! మిగిలిన ముక్కని మళ్లీ పల్చగా కోసి, తనే రంగు పట్టించింది. నీలం మధ్య సన్నటి ఎర్ర పుల్లల్లాంటి క్రిములు.

“క్యాన్సర్ కాదు మేడమ్. టీబీ.”

రాజకుమారి మైక్రోస్కోపు ముందు కూర్చుని తనూ చూశారు. “రిపోర్టు నువ్వే రాయి.”

మందులతో గడ్డ కరిగింది. నాగరాజు ఐసుపెట్టె నిండా రొయ్యలతో ల్యాబు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ ఆదివారం పెడనలో వాటిని వలుస్తూ సౌభాగ్యమ్మ గొంతు తగ్గించింది.

“పక్కింటి అనసూయకి మెడ దగ్గర ఏదో ఉందటే. నీ దగ్గరికి రమ్మననా?”

“ముందు ముట్టుకునే డాక్టరుకి చూపించుకోమనత్తా. ముక్క ఎలాగూ నా దగ్గరికే వస్తుంది.”