సాంచాలు ఆగినప్పుడు

బతుకుతెరువుకు పరాయి రాష్ట్రం వలసొచ్చి ఉంటున్న ఈ లింబాయత్‌లో మా ఇంటి గోడకు అవతలే కార్ఖానా. సాంచాలంటే మర మగ్గాలు. పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. ఏ రకం బట్టకు ఎంత దారం పడుతుందో లెక్క కట్టడం అక్కడ నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి వచ్చింది. దానివల్ల నాకో అలవాటైంది. ఏది జరిగినా, ఏది పెరిగితే ఏది తగ్గిందని వెతుకుతాను.

అదే కార్ఖానాలో, మా ఇంట్లోనే ఉండే తమ్ముడి చెయ్యి సాంచను తిప్పే బెల్టులో పడి నలిగిన రోజు వాడి కూతురు అక్కడే ఉంది. తండ్రికి సద్ది గిన్నె తెచ్చింది. మూడో తరగతి పిల్ల. వాడి చెయ్యి మెల్లగా మానుతోంది గానీ, పిల్ల మాత్రం బడిలో ఉన్నట్టుండి బెంచీ కిందికి దూరడం మొదలుపెట్టింది. బయటికి లాగబోతే కొరికేది.

"అన్నా, తక్కిన పిల్లలు బెదురుతున్నరు. కొన్నొద్దులు ఇంటికాడ ఉంచుకోమని పెద్దసారు అంటుండు," అంది టీచరమ్మ. ఆమెదీ మా కరీంనగర్ వైపే.

ఇంట్లో కూర్చోబెడితే చదువు అక్కడితో సరి. మా గల్లీలో అలా ఆగిన ఆడపిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు.

చప్పుడుకు భయపడుతోందని నేను తేల్చేశాను. కార్ఖానా వైపు కిటికీ మూసి సందుల్లో గుడ్డలు కుక్కాను. టీవీ బంద్ పెట్టించాను.

"సాంచాల నడుమ పుట్టిన పిల్ల సప్పుడుకు భయపడ్తదా? చేప నీళ్లకు భయపడ్డదన్నట్టుంది నీ లెక్క!" అని పక్కింటి ముసలమ్మ ఎకసెక్కమాడింది.

నవ్వొచ్చింది గానీ, పిల్ల నిజంగానే ఇంకా ముడుచుకుపోయింది. చప్పుడు తగ్గించినకొద్దీ భయం పెరుగుతోంది. తీసివేస్తే పెరిగే లెక్క నేనెప్పుడూ చూడలేదు. ఎందుకిలా అని పనిలోనూ అదే ఆలోచన.

తమ్ముడి కట్టు మార్చే నర్సు ఒకసారి పిల్లను గమనించి, అదే ఆసుపత్రిలో పిల్లల మనసు చూసే మేడమ్ దగ్గరికి పంపింది. మూసిన తలుపు, చల్లటి గది, చీమ చిటుక్కుమన్నా వినపడేటంత నిశ్శబ్దం. పిల్ల నా చొక్కా పట్టుకుని వదలట్లేదు. మేడమ్ ముందుగా ప్రమాదం సంగతే అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"తలుపు తీసి ఉంచనా, మూసి ఉంచనా? ఈ గదిలో నీకేం కావాలి?" అని హిందీలో పిల్లనే అడిగింది.

పిల్ల పైకి చూపించింది. "పంఖా."

పాత ఫ్యాను. వేయగానే గడగడమంది. మేడమ్ మొహమాటంగా ఆపబోతే, "ఉండనీ," అంటూ పిల్ల నా చొక్కా వదిలింది. నేల మీద కూర్చుని రంగు పెన్సిళ్లు అందుకుంది. గీస్తూ గీస్తూ, తలెత్తకుండానే నాతో అంది: "పెద్దబాపూ, బాపు ఒర్లంగనే సాంచాలన్నీ బంద్ అయినయ్ గదా. సప్పుడు బంద్ అయితే ఎవలకో దెబ్బ తాకినట్టే."

ఆ మాట నేను హిందీలో చెప్పాను. మేడమ్ తల ఊపింది. "ఎందుకు దూరావని అడగకండి. ఏం కావాలో అడగండి. జరగబోయేది ముందే చెప్పండి," అంది. మా తమ్ముణ్ణి అడిగి, ఫోన్‌లో టీచరమ్మకూ ఇదే చెప్పింది. ఇంకొన్నాళ్లు చూద్దామని పెద్దసారు ఒప్పుకున్నారు. ఇక పిల్లలతో మౌనంగా చదివించేముందు, "ఇప్పుడు సప్పుడు చెయ్యకుండ చదువుకుందాం. ఎవలకూ ఏం కాలేదు," అని టీచరమ్మ చెప్పేది. ఇంట్లో నేను కిటికీ గుడ్డలు పీకేశాను.

ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా కరెంటు పోయింది. గల్లీ పొడవునా సాంచాలు ఒక్కసారే ఆగాయి. అదే గల్లీ చివర ఉన్న బడికి పరుగెత్తాను. కిటికీలోంచి చూస్తే పిల్ల బెంచీ కిందే ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. అయితే పక్కనే టీచరమ్మ కూడా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కరెంటు పోయింది, గంతే. చెప్పు బిడ్డా, ఏడెనిమిదులు ఎంత?"

"యాభై నాలుగు," అంది బెంచీ కింది గొంతు.

"యాభై ఆరు టీచర్!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"నిన్నడిగిన్నా? నీ పని నువ్వు చూస్కో."

కాసేపటికి కింది నుంచి, "యాభై ఆరు," అని వినిపించింది.

పెద్దసారు వరండాలో నన్ను చూశారు. "ఏందన్నా, ఇంటికి తీస్కపోతవా?"

"లేదు సార్. లెక్కలు చెప్తుంది."

ఆయన కిటికీలోంచి తొంగి చూశారు. "చెప్పనీ మరి," అని తన గదిలోకి వెళ్లిపోయారు.