గట్టయ్య ఒప్పుకోని "ఆఁ"

కాసిపేట గట్టయ్యకు ఎవరైనా "ఆఁ" అంటే ఒళ్లు మండుతుంది. ఓపెన్‌కాస్టు గనిలో బండ పేల్చే పని అతనిది, ముప్పై ఏళ్ల సర్వీసు. పేల్చే ముందు "అందరూ బయటికొచ్చారా?" అని అడగాలి. మన "ఆఁ" అంటే వచ్చామని కావచ్చు, ఏమిటని కావచ్చు, వింటున్నాం కానీయమనీ కావచ్చు. ఒడిశా కూలీల "హఁ", జార్ఖండ్ వాళ్ల "హాఁ", బెంగాలీల "హ్యాఁ" కూడా అంతే, పలికే తీరును బట్టే అర్థం. సైరన్ మోతలో ఆ తీరు ఎవడికి తెలుస్తుంది?

పన్నెండేళ్ల కిందట అలాంటి "హాఁ" ఒకటి నమ్మి గట్టయ్య మీట నొక్కాడు. ఒకతని కాలు పోయింది. అప్పటినుంచి జేబులో సుద్దముక్క పెట్టుకుంటాడు. బయటికొచ్చిన ప్రతివాడి హెల్మెట్ మీద గీత గీసి, పొద్దున లోపలికి దిగినవాళ్ల లెక్కతో సరిచూశాకే పేలుస్తాడు. పేరంటానికి పిలుస్తున్నట్టు బొట్టు పెడుతున్నాడని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

నేను సదానందాన్ని, అక్కడ షిఫ్టు పనులు చూసే ఓవర్‌మన్‌ను. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. బండ రంధ్రాల్లో అప్పటికే మందు నింపేశాం. పిడుగు పడితే మేం నొక్కకుండానే పేలుతుంది.

"ఇరవై రెండుమంది రావాలె. గీతలు ఇరవై ఒకటే ఉన్నయ్" అన్నాడు గట్టయ్య.

నేను ఒడిశా ముఠా వైపు తిరిగి అందరూ వచ్చారా అని అరిచాను. "హఁ" అన్నారు.

"విన్నవు గద గట్టన్నా! మెరుపులొస్తున్నయ్, జల్ది నొక్కు!"

"నొక్క. పోయినసారి గిట్లనే నమ్మిన. ఆ కాలు ఇంకా కండ్లల్ల తిరుగుతది. కావాలంటె నన్ను సస్పెండ్ చెయ్యి."

నాకు తిక్క రేగింది. అతని సుద్దముక్కను తిట్టుకుంటూ నేనే గనిలోకి పరుగెత్తాను. ఎక్కడో ఉరిమింది. పక్కనే మందు నింపిన బండ ఉందని గుర్తొచ్చింది. భయపడ్డాను, దాచుకోవడమెందుకు.

నీళ్లు తోడే పంపు చాటున ఒకడు ముడుచుకుని పడుకున్నాడు. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. లేవమని కుదిపితే కళ్లు తెరవకుండానే "హఁ" అన్నాడు. సగం మోస్తూ, సగం ఈడుస్తూ పైకి తెచ్చాను.

గట్టయ్య వాడి హెల్మెట్ మీద గీత గీశాడు. ఇక నొక్కుతాడనుకుంటే, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు గూడ వచ్చినవా సారూ?"

నేను "ఆఁ" అనలేదు. తల వంచి హెల్మెట్ ముందుకు పెట్టాను.