ఆరో గొట్టం నీళ్ళు

ఊరి చెత్తంతా చేరే గుట్ట చుట్టూ ఎనిమిది ఇనుప గొట్టాలు నేలలోకి దిగి ఉంటాయి. గుట్ట మురుగు భూమిలోకి ఇంకుతోందో లేదో తెలియడానికి నెలకోసారి వాటిలోంచి నీళ్ళు తీసి పరీక్షకు పంపాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషిని అందరూ నీళ్ళాయన అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒక్కోసారి ఆయనకే గుర్తుండదని తోటివాళ్ళ వేళాకోళం.

సీసా ముంచి తెచ్చేస్తే సరిపోయే పని కాదది. నెలంతా గొట్టంలో నిలవున్న నీళ్ళని ముందు తోడి పారబోయాలి. అదీ ఒకసారి కాదు, ఆ గొట్టం మూడుసార్లు నిండేటంత. అప్పుడుగాని భూమిలోపలి అసలు నీళ్ళు ఊరవు. తాడుకు కట్టిన సన్నటి చేదని దింపుతూ, లాగుతూ, నడుము వంచి తోడాలి. అన్నిట్లోకీ ఆరోది బాగా లోతు. దానికి నలభై చేదలు పడతాయి. పైగా దాని మూత బిగుసుకోదు, వానపడితే పైనీళ్ళు అందులోకి దిగుతాయి.

మూడేళ్ళ కిందట ఆయన కుడి మోకాలు మొరాయించింది. నలభై కాస్తా ముప్పై అయింది. తర్వాత పదయింది. గత రెండేళ్ళుగా ఐదే చేదలు పారబోసి, ఇవి మాత్రం నీళ్ళు కావా ఏంటి అనుకుని సీసా నింపేసేవాడు. కాగితం మీద నలభై అనే రాసేవాడు. పరీక్షలో అంతా శుభ్రమని వచ్చేది. జనం చదువుకోవడానికి గేటు దగ్గర పెట్టిన పలక మీద ఆ అంకెల్ని గుండ్రటి అక్షరాలతో తనే ఎక్కించేవాడు. ఎవరినో మోసం చేస్తున్నానని ఏనాడూ అనిపించలేదు. అలసిపోయిన మనిషికి అలా అనిపించదు మరి, అదే వచ్చిన చిక్కు.

ఆరో గొట్టానికి ఎదురుగా, ప్రహరీ అవతలి సందులో ఆయన అక్క ఉంటుంది. సందు మొత్తానికీ ఒకటే బోరు. ఎవరు కొత్తగా అద్దెకొచ్చినా అక్క వాళ్ళ గుమ్మంలోకెళ్ళి మరీ భరోసా ఇచ్చేది. "నిక్షేపంగా తాగండమ్మా. పరీక్ష చేసేది మా తమ్ముడే!"

ఈ నెల కొత్త ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. గొడుగు వేసుకుని ఆరో గొట్టం పక్కనే నిలబడి, చేదకో గీత చొప్పున పుస్తకంలో గీసుకుంది. ఇక తప్పుతుందా? నీళ్ళాయన పళ్ళ బిగువున తోడాడు. పన్నెండో చేద దాకా పైనుంచి దిగిన వాన నీళ్ళే, తేటగా ఉన్నాయి. పదమూడో చేదతో కుళ్ళు వాసన గుప్పుమంది. నలభయ్యోది వచ్చేసరికి నీళ్ళు డికాషన్ రంగుకు తిరిగాయి. ఆయనకు మోకాలి నొప్పి కాసేపు తెలియనే లేదు.

వారానికి పరీక్ష ఫలితం వచ్చింది. ఉండదగ్గ హద్దుకు పదకొండు రెట్లు విషం. గుట్ట మేనేజరు ఆయన్ని పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"కంగారు పడకు పెద్దాయనా. పోయిన నెల దాకా బాగానే ఉందిగా? ఈ నెలే ఎక్కడో లీకైందని రిపోర్టు రాద్దాం. ఎల్లుండి సభలో నేనే చదువుతా. నువ్వు నోరు మెదపక్కర్లేదు."

"మరి సందులోవాళ్ళు, సార్?"

"నాలుగు వారాలు ట్యాంకర్ పంపిద్దాం. ఏడాదిలో రిటైరయ్యే మనిషివి, ఈ గొడవంతా నీకెందుకు?"

ఐదు చేదల సంగతి మేనేజరుకు తెలియదు పాపం. నీళ్ళాయన రెండు రోజులూ ఒకటే లెక్క వేసుకున్నాడు. ఈ నెలే అంటే ట్యాంకర్‌తో సరిపోతుంది. రెండేళ్ళంటే చంటిపిల్లల దగ్గర్నుంచి ప్రతి ఒక్కరికీ రక్తపరీక్ష చేయించాలి. రెండేళ్ళని చెప్పగలిగింది మాత్రం తనొక్కడే. చెబితే ఉద్యోగం పోతుంది, అక్క ముందు తలెత్తుకోలేడు.

మూడు నెలలకోసారి చుట్టుపక్కలవాళ్ళని పిలిచి లెక్క చెప్పే సభ అది. ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు వరసలో అక్క కూర్చుంది. మేనేజరు "ఈ నెలలో" అని చదవగానే నీళ్ళాయన లేచాడు.

"ఈ నెల కాదండీ. ఎప్పట్నుంచో నాకూ తెలీదు. మోకాలు నొప్పని రెండేళ్ళుగా ఐదు చేదలే తోడి నలభై అని రాశాను. ఆ పలక నమ్మకండి. అందరికీ పరీక్షలు చేయించండి."

హాలు ఒక్కసారి భగ్గుమంది. ఎవరో తిట్టారు, ఎవరో కుర్చీ తన్నారు. ఆయన అవేవీ పట్టించుకోకుండా అక్కనే చూశాడు. ఆమె వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెడుతోంది.

దగ్గరికెళ్ళి, "నాలుగు తిట్టక్కా" అన్నాడు.

"నిన్ను తిట్టడానికి తీరికెక్కడిదిరా? పదిహేడు ఇళ్ళు. నీ పలక ఎవరు చదివారు? వాళ్ళంతా నా మాట మీద తాగారు." ఆమె కుర్చీలోంచి లేచింది. "పద. ముందు మూలింటి బాలింత దగ్గరికి. చెప్పేది నేను. నువ్వు వెనకాల నిలబడు, చాలు."

ఆయన కుంటుకుంటూ వెనకాలే నడిచాడు. ఆ బాలింత సభకు రాలేదు, ఆమెకేమీ తెలియదు. అక్కని చూడగానే ముఖం విప్పార్చుకుని, "ఎండలో వచ్చారు, కూర్చోండి పిన్నిగారూ" అంటూ పాపని ఆమె ఒళ్ళో పెట్టి లోపలికెళ్ళింది. రెండు గ్లాసుల నిండా మంచినీళ్ళు తెచ్చింది.