పాసుమార్కు పెట్టి తప్పిన బాబాయి

ఆ ఏడాది పీజీ వైద్య పరీక్షలో మా బాబాయి తప్పాడు. ఇందులో ఉన్న చిన్న ఇబ్బంది ఏమిటంటే, పాసుమార్కు నిర్ణయించే సంఘానికి ఆయనే పెద్ద.

ఆయన ఊపిరితిత్తుల ప్రొఫెసరు. మెట్ల మీద ఎవరైనా దగ్గితే గదిలోంచే మనిషిని పోల్చేస్తాడు. అప్పటిదాకా పాసుమార్కు అరవై. ఎందుకయ్యా అరవై అంటే, ఎప్పుడూ అరవయ్యే గనక. పేపరు కొరకరాని కొయ్యలా వచ్చినా అంతే. కిందటేడు అలాంటి పేపరుకే ఆయన శిష్యురాలు రెండు మార్కులకి పోయింది. రోగులు ఏరికోరి పిలిపించుకునే పిల్ల, ఆయన గది బయట కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. బాబాయి కంగారులో కళ్లజోడు తుడుచుకునే గుడ్డ తీసి ఇచ్చాడు. అంతకుమించి ఇవ్వడానికి ఆయన చేతిలో ఏమీ లేదు.

అందుకే ఈసారి పట్టుబట్టి పద్ధతి మార్పించాడు. ముందు సంఘం వాళ్లే జవాబులు చూడకుండా పేపరు రాయాలి. తరవాత, రోగిని నమ్మి అప్పగించడానికి సరిగ్గా సరిపోయేంత మాత్రమే చదువు వచ్చిన డాక్టర్లని వందమందిని ఊహించుకోవాలి. ప్రతి ప్రశ్నకీ వాళ్లలో ఎంతమంది సరిగ్గా రాస్తారో అంచనా చెప్పాలి. ఆ అంచనాల సగటే పాసుమార్కు.

రాశారు. ఎవరిది వాళ్లే దిద్దుకున్నారు. బాబాయికి యాభై ఆరు. కిడ్నీల ప్రశ్నలన్నీ గోవిందా. పేపరు మడిచి జేబులో పెట్టుకుంటే అడిగేవాడు లేడు. ఈయన లేచి నిలబడి మరీ చెప్పాడు.

"సప్లిమెంటరీకి ఫీజు కట్టేద్దామా సార్?" అన్నాడు పక్కనున్న సర్జను.

"కడుదువుగానిలే. ముందు మొదటి ప్రశ్న సంగతి చెప్పు. వందలో ఎంతమంది రాస్తారు?"

"తొంభై."

"నువ్వు రాశావా?"

సర్జను తన పేపరు వంక చూసుకున్నాడు. "యాభై వేసుకోండి," అన్నాడు గొంతు తగ్గించి.

అలాగని బాబాయి అన్నిటికీ తగ్గించనివ్వలేదు. ఊపిరాడని పసిబిడ్డకి ముందుగా ఏం చెయ్యాలన్న ప్రశ్నకి సర్జను డెబ్బై అంటే, "మిగతా ముప్పైమందిలో ఒకడు మీ మనవడి దగ్గర డ్యూటీలో ఉంటేనో?" అన్నాడు. అది తొంభై ఐదు అయింది.

సగటు కట్టే వేళకి, "నా అంకెలు కలపకండి," అన్నాడు. "కిందటేడు తప్పిన మా పిల్ల మళ్లీ రాసింది. పైగా నేనూ తప్పాను. నా మనసు ఎటు మొగ్గుతోందో నాకే తెలీడం లేదు."

ఆయన్ని వదిలేసి కడితే యాభై ఏడు తేలింది. ఆ పిల్లకి యాభై ఎనిమిది వచ్చి పాసయింది. బాబాయి కొత్త లెక్కలోనూ ఒక్క మార్కుకి తప్పాడు.

ఈ సంగతి తెలిసి ఆ పిల్ల ఇంటికొచ్చింది. పెన్సిలు గీతలతో నిండిన లావుపాటి కిడ్నీల పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "దిగులు పడకండి సార్, ఇది చదివితే చాలు," అంది. భుజం తట్టబోయి, ఎవరి భుజమో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు భోజనాల బల్ల నిండా పుస్తకాలే. మా పిన్ని వేడి వేడి కంచం పట్టుకుని ఎంతసేపని నిలబడుతుంది?

"ఏమండీ, ఊళ్లో పిల్లలందరినీ గట్టెక్కించి మీరు తప్పి కూర్చున్నారు, సరే! ఈ కంచం ఎక్కడ పెట్టమంటారు, నా నెత్తినా?"

"ఊపిరితిత్తుల మీద పెట్టవే, అవి నాకొచ్చు, కిడ్నీలు మాత్రం కదపకు."