వెనక్కి తిరగడం

"ఏమే, పిల్లలొచ్చే వేళైంది, కాస్త చాప వెయ్యి."

"నాకు చేతులు ఖాళీ లేవు, మీరే వేసుకోండి."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. దోసెల పిండి కలుపుతూ తల కూడా ఎత్తలేదు నేను. ఆయనే చాప పట్టుకుని డాబా మీదకు వెళ్ళారు, పరిచారు, దాని మీదే ఒరిగిపోయారు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

ఫిల్మ్ నగర్‌కి సినిమా వేషాల కోసం వచ్చిన మనిషికి చివరికి మిగిలింది నాటకమే. ఆదివారం ఆదివారం ఏడెనిమిదిమంది చిన్నపిల్లలకు డాబా మీద నేర్పేవారు. మొదటి పాఠం పిలవడం. ఆయన పిట్టగోడ దగ్గర అటు తిరిగి కూర్చునేవారు. పిల్లలు ఈ చివర నించి ఒక్కొక్కరే పిలవాలి. అరిస్తే తిరిగేవారు కాదు. నన్నే పిలుస్తున్నారు అని వీపుకి తెలియాలి, అప్పుడే తిరుగుతాను అనేవారు.

నెల దాటాక పిల్లలు మళ్ళీ వచ్చారు. కూతుర్ని దింపడానికి వచ్చిన ఒకావిడ అడిగింది: "సార్ లేడు గదా ఆంటీ, ఇప్పుడెవరు చెప్తరు?"

"నేనే చెప్తానమ్మా."

అనేశాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం, గొంతు చూస్తే గరగరా ఇలా ఉంటుంది. అయినా పాతికేళ్ళు ఆ పాఠం విన్నదాన్ని. ఆయన కూర్చునే చోటే అటు తిరిగి కూర్చున్నాను.

మొదటి పిల్ల పిలిచింది, తిరిగాను. రెండోవాడు పిలిచాడు, తిరిగాను. మూడోది గొంతు సవరించుకుందో లేదో తిరిగేశాను.

"ఏంది ఆంటీ! అందరికీ తిరుగుతున్నరు. సార్ ఊకె తిరగకపోతుండె."

"గిట్లైతే ఇది ఆటే కాదు. వచ్చే వారం సంది మేం కరాటేకు పోతం."

వాళ్ళ తప్పేముంది? వారమంతా నన్ను పిలిచే నోరు లేదు. పాలవాడు కూడా ప్యాకెట్ గుమ్మానికి తగిలించి పోతాడు. ఎవరు నోరు తెరిచినా నా కోసమే అనిపించి ప్రాణం లేచి వస్తోంది. అది వాళ్ళకు చెప్పలేను కదా. వీళ్ళు కూడా పోతే ఇక ఈ ఇంటికి వచ్చేవాళ్ళెవరు?

"ఒక్కసారి. మళ్ళీ పిలవండర్రా" అన్నాను.

ఈసారి మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. పెద్దగా అరిచారు, తిరగలేదు. మేకలా అరిచారు, నవ్వొచ్చింది గాని తిరగలేదు. అందరికంటే చిన్నపిల్ల అలవాటుకొద్దీ "సార్" అంది. పిలుపు ఆయనకు గదా, తిరగలేదు.

కాసేపటికి అదే పిల్ల చిన్నగా అంది: "ఆంటీ, నీళ్ళు తాగుతవా?"

తిరిగాను. నిజంగానే నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది.

"దీనికి తిరిగింది! దీనికొక్కదానికే!" అని మిగతావాళ్ళు గంతులు. మళ్ళీ మళ్ళీ పిలిచారు. వాళ్ళమ్మలు వచ్చి కేకేసినా దిగలేదు. కరాటే ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడికి ఆపు తల్లీ. పెద్దమ్మ చెప్పిందని ఓపిగ్గా రాశావు. వెళ్ళేముందు ఒకసారి చదివి వినిపించు, తొందర లేకుండా. నువ్వు పోయాక మళ్ళీ ఇంకో గొంతు వినాలంటే ఆదివారం దాకా ఆగాలి.