అక్కకి తెచ్చిన ప్రసాదం

నేను నిక్కర్లేసుకు తిరిగే రోజుల్లో... కొండపల్లిలో మా వీధి మొత్తానికీ ఒకటే రేడియో. కలప అడితి వాళ్లింట్లో. ఆదివారం మధ్యాహ్నం నాటకం వేళకి మగపిల్లలమంతా వాళ్ల కిటికీకి బల్లుల్లా అతుక్కుపోయేవాళ్లం!

మా అక్క మాత్రం రాకూడదు. "ఆడపిల్ల పరాయివాళ్ల కిటికీ దగ్గర నిలబడుద్దా?" అని నాయనమ్మ కేకలు. పాపం అక్క పంచలో కూర్చుని, నాన్న చెక్కిన బొమ్మలకి రంగులేస్తూ నాకోసం చూసేది.

నేను పరిగెత్తుకొచ్చి కథంతా చెప్పేవాణ్ణి... మర్చిపోయిన చోట సొంతంగా కల్పించి మరీ! చివర్లో "ప్రసారం సమాప్తం" అనేవాళ్లు కదండీ... నాకది "ప్రసాదం సమాప్తం" అని వినబడేది. అలాగే చెప్పేవాణ్ణి. అక్క పడీ పడీ నవ్వేది. అప్పట్నుంచీ గుమ్మంలోనే అడిగేది... "ఏరా, ప్రసాదం తెచ్చావా?"

ఇదంతా ఇప్పుడెందుకంటే... పోయిన వారం మా ఇంటికి వైఫై వచ్చిందండీ! మా అమ్మాయి తన జీతంతో పెట్టించింది. నా సంతోషం ఏమని చెప్పను! ఇన్నేళ్లూ ఇంట్లో నెట్ ఉన్న ఫోను ఒక్కటే, అదీ నా జేబులోనే. "ఆడాళ్లకి నెట్టెందుకే, దండగ" అన్నది ఎవరో కాదు... నేనే. నాయనమ్మ మాటే నా నోట్లోంచి వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.

అక్క కొన్నేళ్లుగా మా దగ్గరే ఉంటోంది. అమ్మాయి ఫోన్లో పాత రేడియో నాటకం ఒకటి వెతికిచ్చింది. చిన్నపిల్లాడిలా అక్క దగ్గరికి పరిగెత్తా! ఈమధ్య అక్కకి చెవుడొచ్చిందిగా, సౌండు మొత్తం పెంచి చెవి దగ్గర పెట్టా.

కాసేపు విని తల అడ్డంగా ఊపింది. "గరగరమంటోందిరా... ఒక్క మాటా తెలీట్లేదు. నువ్వు చెప్పు."

ఎదురుగా కూర్చున్నా. నా పెదాలు చూస్తే అక్కకి అర్థమవుతుంది. నాటకం వింటూ, నిదానంగా చెప్పడం మొదలెట్టా... సగంలో ఆగి ఫోను పక్కన పెట్టేశా.

అక్క నవ్వింది. "మర్చిపోయావా? కల్పించి చెప్పరా... ఎప్పుడూ అదేగా నీ పని!"

ఈమెకి అన్నీ తెలుసన్నమాట... అప్పట్నుంచీ.

ఇప్పుడు కిటికీ మా ఇంట్లోకే వచ్చింది... వినే చెవులే వెళ్లిపోయాయి. మీ ఇంట్లో పంచలోనే ఆగిపోయిందెవరండీ? చెప్పండి... కానీ ముందు వెళ్లి ఫోను వాళ్ల చేతిలో పెట్టి రండి.